బెంజీన్ సి–హెచ్ అంత గట్టిది కదా, సైక్లోమెటలేషన్‌ల పల్లాడియం దాన్ని అంత అల్కగ ఎట్ల తెంపుతది?

వరంగల్_ఎమ్మెస్సీ:

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్, డిసెంబర్ల నెట్ రాస్తున్న. ఆర్గానోమెటాలిక్స్ మొత్తం ఎట్లనో నెట్టుకొచ్చిన, 18 ఎలక్ట్రాన్ల లెక్కలు, కార్బొనైల్స్, హైడ్రోఫార్మైలేషన్ అన్నీ ఓకే, గానీ ఈ సైక్లోమెటలేషన్ కాడికొచ్చి ఇరుక్కున్న, చదివినకొద్దీ ఇంకా కన్ఫ్యూజ్ అయితున్న.

డెఫినిషన్ తెలుసు. లైగాండ్ (మెటల్‌ని పట్టుకునే మాలిక్యూల్) ముందుగాల నైట్రోజన్‌తోనో ఫాస్ఫరస్‌తోనో మెటల్‌ని పట్టుకుంటది, తర్వాత అదే లైగాండ్‌ల ఉన్న ఒక సి–హెచ్ తెగి ఆ కార్బన్ గూడ మెటల్‌కి అతుక్కుంటది, రింగ్ మూసుకుంటది. ఇది రాసి మార్కులు తెచ్చుకోవచ్చు, నా డౌట్ వేరే. బెంజీన్‌ల సి–హెచ్ బాండ్ ఎనర్జీ 110 కిలోకేలరీలకు పైననే ఉంటది, పోనీ యాసిడ్ లెక్క ప్రోటాన్ ఇస్తదా అంటే పీకేఏ (ఎంత పెద్దగుంటే అంత బలహీనమైన యాసిడ్) 43 దరిదాపుల ఉంటదంటరు. అట్లాంటిది డైమిథైల్ బెంజైల్ అమీన్‌ల పల్లాడియం అసిటేట్ వేస్తే పెద్దగ వేడి గూడ అక్కర్లేకుండ ఆర్థో (రింగ్‌ల పక్క కార్బన్ మీది) హైడ్రోజన్ పోయి ఆడ పల్లాడియం కూసుంటదట. బ్యూటైల్ లిథియం లెక్క గట్టి బేస్ ఏమన్న వేసినమా అంటే అదీ లేదు, ఉన్నదల్లా అసిటేట్. ఎట్ల సాధ్యం ఇది?

రెండోది మెకానిజం. క్లాస్ నోట్స్‌ల ఎలక్ట్రోఫిలిక్ సబ్‌స్టిట్యూషన్ అని ఉంది, ఒక వీడియోల సార్ ఆక్సిడేటివ్ అడిషన్ అని చెప్పిండు, ఒక పీడీఎఫ్‌ల ఏదో సిఎండి అని ఉంది. మూడిట్ల ఏది రాయాలె?

మూడోది నా ప్రాజెక్ట్ గురించి, అది తర్వాత అడుగుత, ముందుగాల ఇది తేలనీయండి.

పాత_బెంచి:

తమ్ముడూ (చెల్లెమ్మవైతే ఏమనుకోకు), మొదటి డౌట్‌లోనే ఒక మెలిక ఉంది. ఆ 110 చిల్లర కిలోకేలరీలు అనేది సి–హెచ్‌ని రెండు ముక్కలు చేసి గాల్లో వదిలేస్తే అయ్యే ఖర్చు. ఇక్కడ ఎవరూ అలా వదిలెయ్యట్లేదు కదా, ఒక పక్క సి–హెచ్ తెగుతుంటే అదే టైమ్‌లో ఇంకో పక్క పల్లాడియం–కార్బన్ బాండ్ ఏర్పడుతుంది, హైడ్రోజన్ పోయి అసిటేట్ ఆక్సిజన్ మీద కూర్చుంటుంది. పీకేఏ 43 కూడా అంతే, అది ఒంటరి బెంజీన్‌కి కట్టిన లెక్క, మెటల్ పక్కకొచ్చి కూర్చున్నాక ఆ హైడ్రోజన్ పాత హైడ్రోజన్ కాదు, దాని సంగతి కింద ఎవరైనా చెప్తారు, నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

నేను చెప్పేది దగ్గరికి చేర్చడం గురించి. మా ఊళ్ళో గేదెని గుంజకి కట్టేస్తే పలుపు ఎంత పొడవుందో అంత మేరే మేస్తుంది, సాయంత్రానికి చూస్తే గుంజ చుట్టూ గుండ్రంగా గడ్డి నున్నగా అయిపోయి ఉంటుంది. ఇక్కడ గుంజ నైట్రోజన్, గేదె పల్లాడియం, మేత సి–హెచ్. పలుపు మరీ పొట్టిదైతే మూతి గడ్డికి అందదు, మరీ పొడుగైతే ఎటు పోతుందో తెలీదు. సరిపోయే పొడవు అంటే ఎక్కువ కేసుల్లో మెటల్‌తో కలిపి ఐదు ఆటమ్‌ల రింగు. డైమిథైల్ బెంజైల్ అమీన్‌లో లెక్కపెట్టు: పల్లాడియం, నైట్రోజన్, సీహెచ్2, రింగులో దానికి అతుక్కున్న కార్బన్, దాని పక్క ఆర్థో కార్బన్, ఐదు. ఐదు రింగులో నైట్రోజన్–పల్లాడియం–కార్బన్ కోణం 80 డిగ్రీలు దాటి వస్తుంది, స్క్వేర్ ప్లేనార్ పల్లాడియంకి కావల్సింది 90, పెద్ద ఇబ్బంది లేదు. అదే డైమిథైల్ అనిలీన్ తీసుకో, నైట్రోజన్ నేరుగా రింగు మీదే ఉంది, నాలుగు రింగు అవ్వాలి, ఆ రియాక్షన్ జరగదు. ఇంకో సీహెచ్2 పొడిగించి ఫినెథైల్ అమీన్ చేస్తే ఆరు రింగు, అవుతుంది గానీ బతిమాలాలి.

దీని చరిత్రలో మొదటి ఉదాహరణ కూడా ఇదే చెప్తుంది. 1963లో క్లైమన్, డ్యూబెక్ అని ఇద్దరు నికెలోసీన్‌ని అజోబెంజీన్‌తో వేడి చేస్తే ఆర్థో కార్బన్‌కి నికెల్ అతుక్కున్న కాంపౌండ్ వచ్చింది. 1965లో కోప్, సీక్‌మన్ అదే అజోబెంజీన్ మీద ప్లాటినం, పల్లాడియం క్లోరైడ్లతో చేశారు. అజోబెంజీన్‌లో రెండు నైట్రోజన్లు ఉన్నాయి కదా, ఏ రింగు కార్బన్‌కి మెటల్ పడుతుందో ఆ రింగుకి దూరంగా ఉన్న నైట్రోజనే మెటల్‌ని పట్టుకుంటుంది, దగ్గరది పట్టుకుంటే నాలుగు రింగు అయిపోతుంది మరి. పరీక్షలో ఈ బొమ్మ తప్పు గీసినవాళ్ళని చాలామందిని చూశాను, అందులో ఒకణ్ణి నేనే.

అన్నట్టు ఆ కోప్ ఎవరో కాదు, కోప్ రీఅరేంజ్‌మెంట్ కోపే.

సందేహం_సత్తి:

ఆర్థోమెటలేషన్, సైక్లోమెటలేషన్ రెండూ ఒకటేనా? మా మేడమ్ రెండూ మార్చి మార్చి వాడతారు

పాత_బెంచి:

@సందేహం_సత్తి ఆర్థోమెటలేషన్ అంటే బెంజీన్ రింగు ఆర్థో పొజిషన్ దగ్గర జరిగింది మాత్రమే. సైక్లోమెటలేషన్ అందులో అన్నీ కలుస్తాయి, మిథైల్ గ్రూపు సి–హెచ్ తెగినా సైక్లోమెటలేషనే. ట్రై ఆర్థో టోలైల్ ఫాస్ఫీన్ చూడు, పల్లాడియం అసిటేట్‌తో కలిపి కొంచెం వేడి చేస్తే రింగు సి–హెచ్ జోలికి పోకుండా టోలైల్ మీదున్న మిథైల్ సి–హెచ్‌ని తెంపుతుంది. ఎందుకు? లెక్కపెట్టుకో, రింగు కార్బన్‌కి పడితే నాలుగు, మిథైల్‌కి పడితే ఐదు. హెర్‌మన్, బెల్లర్ వాళ్ళ పల్లాడాసైకిల్ అని 1995లో వచ్చింది ఇదే, హెక్ రియాక్షన్‌కి తెగ వాడారు. మొదట్లో అది అలాగే చెక్కుచెదరకుండా క్యాటలిస్ట్‌గా పనిచేస్తుంది అనుకున్నారు, తర్వాత తేలిందేంటంటే అది మెల్లగా కరిగి పల్లాడియం జీరోని (చార్జ్ లేని పల్లాడియంని) వదిలే డబ్బా లాంటిది, అసలు పని ఆ జీరోదే.

పుస్తకం_ముఖ్యం:

అంత దూరం ఎందుకండి, పల్లాడియం 2 ప్లస్ అంటే ఎలక్ట్రోఫైల్ (ఎలక్ట్రాన్లు కోరేది), బెంజీన్ రింగు న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్లు ఇచ్చేది), నైట్రేషన్‌లో నైట్రోనియం వచ్చి పడ్డట్టే పల్లాడియం వచ్చి పడుతుంది, అరీనియం (పాజిటివ్ చార్జ్ ఉన్న రింగు) లాంటి ఇంటర్మీడియట్, తర్వాత ప్రోటాన్ పోతుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఇదే చెప్తున్నాం, ఎలక్ట్రాన్ ఇచ్చే గ్రూపులు పెడితే స్పీడ్ పెరుగుతుంది అని డేటా కూడా ఉంది. పరీక్షలో ఇది రాసుకుంటే చాలు, లేనిపోనివి పెట్టుకోకండి

గణన_రసాయనం:

పైన పుస్తకం_ముఖ్యం గారు చెప్పింది పూర్తిగా తప్పని అనను, ఎందుకంటే ఆయన చెప్పిన డేటా నిజమే, కానీ ఆ డేటాని కాస్త దగ్గరగా చూస్తే కథ మారుతుంది. 1985లో ర్యాబోవ్ వాళ్ళు సరిగ్గా ఈ రియాక్షన్ మీదే కైనెటిక్స్ చేశారు, డైమిథైల్ బెంజైల్ అమీన్ మీద రకరకాల గ్రూపులు పెట్టి పల్లాడియం అసిటేట్‌తో, క్లోరోఫామ్‌లో. హామెట్ రో విలువ, అంటే గ్రూపులు మారిస్తే స్పీడ్ ఎంత మారుతుందో చెప్పే అంకె, మైనస్ 1.6 దగ్గర వచ్చింది. నెగెటివ్ కాబట్టి ఎలక్ట్రోఫిలిక్ అనేశారు, బానే ఉంది, కానీ అసలైన అరీనియం అయాన్ ఏర్పడే రియాక్షన్లలో ఆ విలువ మైనస్ 6, మైనస్ 10, బ్రోమినేషన్‌కైతే మైనస్ 12 దాకా కూడా పోతుంది. అంటే ఇక్కడ రింగు మీద పాజిటివ్ చార్జ్ కొంచెం పెరుగుతోంది గానీ పూర్తి కేటయాన్ కావట్లేదు. దీనికి తోడు హైడ్రోజన్ బదులు డ్యూటీరియం పెడితే స్పీడ్ రెండు రెట్లకి పైగా తగ్గింది, నైట్రేషన్‌లో మామూలుగా అలా తగ్గదు, ఎందుకంటే అక్కడ స్లో స్టెప్‌లో సి–హెచ్ తెగదు. ఇక్కడ తెగుతోంది. ఎంట్రోపీ కూడా బాగా నెగెటివ్, అంటే ట్రాన్సిషన్ స్టేట్‌లో అందరూ బిగుసుకుని ఒక వరుసలో కూర్చోవాలి.

ఆ వరుస ఏంటనేది 2005లో డేవిస్, మెక్‌గ్రెగర్ వాళ్ళు డీఎఫ్‌టీ అనే కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ముందు నైట్రోజన్ పల్లాడియంని పట్టుకుంటుంది. పల్లాడియం మీద ఒక అసిటేట్ రెండు చేతులతో పట్టుకుని ఉంటుంది, అందులో ఒక చెయ్యి వదిలేస్తుంది, ఖాళీ అయిన ఆ చోట్లోకి ఆర్థో సి–హెచ్ వచ్చి వాలుతుంది. అగోస్టిక్ అంటాం దీన్ని, అంటే సి–హెచ్ సిగ్మా ఎలక్ట్రాన్లు కొంచెం మెటల్ వైపు జారతాయి. అలా జారగానే హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు తగ్గి యాసిడ్‌లాగా అవుతుంది, పక్కనే అసిటేట్ ఖాళీ ఆక్సిజన్ కాచుక్కూర్చుని ఉంది కదా, పట్టుకుని లాగేస్తుంది. పల్లాడియం, ఆక్సిజన్, కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్, కార్బన్, ఆరుగురి రింగు. కాల్లో ముల్లు దిగితే ఒకళ్ళు రెండు వేళ్ళతో చర్మం నొక్కి పట్టుకుంటే ఇంకొకళ్ళు సూదితో లేపినట్టు, నొక్కేది పల్లాడియం, లేపేది అసిటేట్, ఏ ఒక్కరివల్లా కాదు. వాళ్ళ లెక్కలో ఈ దారికి బారియర్ సుమారు 13 కిలోకేలరీలు, ఆక్సిడేటివ్ అడిషన్ దారైతే దానికి దాదాపు రెట్టింపు, అసిటేట్‌లో మెటల్‌ని పట్టుకున్న ఆక్సిజనే హైడ్రోజన్‌ని కూడా లాగే నాలుగు రింగు దారైతే ఇంకా ఎక్కువ. అందుకే వరంగల్ అడిగినట్టు పెద్ద వేడి లేకుండా అయిపోతుంది.

దీన్నే కొందరు సిఎండి అంటారు, కన్సర్టెడ్ మెటలేషన్ డీప్రోటొనేషన్, డేవిస్ వాళ్ళు ఆమ్లా అని పేరు పెట్టారు (నాకు ఎప్పుడు విన్నా ఉసిరికాయ తలనూనె గుర్తొస్తుంది). పేర్లు రెండైనా బొమ్మ ఒకటే.

ఇంకో సాక్ష్యం, ఇది అందరికీ గుర్తుండిపోతుంది. పెంటాఫ్లోరో బెంజీన్ లాంటి ఎలక్ట్రాన్లు బాగా తక్కువున్న రింగుల్ని ఫానూ గ్రూపు 2006లో పల్లాడియంతో నేరుగా ఆరైల్ గ్రూపులకి కలిపింది. అరీనియం దారే నిజమైతే ఐదు ఫ్లోరిన్లున్న రింగు మొండికెయ్యాలి, మామూలు బెంజీన్ ముందు పరిగెత్తాలి. జరిగింది రివర్స్.

పుస్తకం_ముఖ్యం:

ఒప్పుకుంటాను మేడమ్, ఈ రో విలువల పోలిక నేనెప్పుడూ చెయ్యలేదు. కానీ ఆన్సర్ కీలో ఎలక్ట్రోఫిలిక్ అని ఉంటే పిల్లాడు ఏం చెయ్యాలి అది కూడా చెప్పండి

గణన_రసాయనం:

కీలో ఆప్షన్లు ఎలక్ట్రోఫిలిక్, ఆక్సిడేటివ్ అడిషన్, రాడికల్, ఇలా ఉంటే ఎలక్ట్రోఫిలిక్ టిక్ పెట్టుకోమనండి సార్, ఆమ్లాలో ఏ అంటేనే ఆంబిఫిలిక్, ఎలక్ట్రోఫైల్ సగం అందులోనే ఉంది. ఆక్సిడేటివ్ అడిషన్ మాత్రం టిక్ పెట్టకూడదు, ఇక్కడ పల్లాడియం మొదట్లోనూ 2, చివర్లోనూ 2.

ఆక్సిడేటివ్ అడిషన్ అసలు ఎక్కడ నిజమో చెప్తాను వరంగల్, ఆ వీడియో సార్ బహుశా వేరే ఉదాహరణ మనసులో పెట్టుకుని ఉంటారు. మెటల్ ఎలక్ట్రాన్లు నిండుగా ఉండి లో ఆక్సిడేషన్ స్టేట్‌లో ఉంటే, ఇరిడియం 1, రోడియం 1, రుథీనియం జీరో లాంటివి, అది అసిటేట్‌నీ ఎవర్నీ అడగదు, తనే సి–హెచ్ మధ్యలో దూరిపోతుంది, హైడ్రోజన్ కూడా మెటల్ మీదే హైడ్రైడ్‌గా ఉండిపోతుంది. బెనెట్, మిల్నర్ 1969లో ఇరిడియం 1 మీద మూడు ట్రైఫినైల్ ఫాస్ఫీన్లున్న క్లోరైడ్‌ని వేడి చేస్తే ఒక ఫాస్ఫీన్ తన ఫినైల్ రింగు ఆర్థో కార్బన్‌తో ఇరిడియంకి అతుక్కుపోయింది, ఇరిడియం 3 అయింది, పక్కనే ఇరిడియం–హైడ్రోజన్. ఎన్ఎంఆర్‌లో (ఏ హైడ్రోజన్ ఎలాంటి చోట ఉందో పీక్‌లుగా చూపే పరీక్ష) సున్నాకి అవతల నెగెటివ్ వైపు పీక్ కనిపిస్తే ఈ దారి అన్నమాట. పాత_బెంచి గారి పలుపు లెక్కకి ఇది ఎదురు, ఎందుకంటే ఇక్కడ వచ్చింది నాలుగు రింగు. ఫాస్ఫరస్ పెద్ద ఆటమ్, బాండ్లు పొడుగు, ఇరుకు కొంచెం తట్టుకుంటుంది. చాట్, డేవిడ్‌సన్ 1965లో రుథీనియం జీరో మీద డైమిథైల్ ఫాస్ఫినో ఈథేన్‌తో చేసినప్పుడైతే ఫాస్ఫరస్ మీదున్న మిథైల్ సి–హెచ్ తెగింది. అది కాగితం మీద చూస్తే మూడు రింగు, అంత ఇరుకు కుదరదు కాబట్టి పక్క మాలిక్యూల్ రుథీనియంకి అతుక్కుని రెండు మాలిక్యూళ్ళు జంటకట్టాయి. ఐదు రింగు అనేది అలవాటే, చట్టం కాదు.

ఇక స్కాండియం, జిర్కోనియం, లుటీషియం లాంటి డీ సున్నా మెటల్స్‌కి ఇచ్చేందుకు ఎలక్ట్రాన్లే లేవు, ఆక్సిడేటివ్ అడిషన్ ప్రశ్నే లేదు, అవి సిగ్మా బాండ్ మెటాథిసిస్ చేస్తాయి, మెటల్ మీదున్న మిథైల్ వెళ్ళి హైడ్రోజన్‌ని తీసుకుని మీథేన్‌గా ఎగిరిపోతుంది. మొత్తంగా, ఏ మెటల్, ఏ స్టేట్, పక్కన బేస్ ఉందా అని చూసుకుని రాయి, "సైక్లోమెటలేషన్ మెకానిజం" అని ఒక్కటి లేదు.

పచ్చ_వెలుగు:

లేటుగా వచ్చాను, కొరియాలో పోస్ట్‌డాక్, ఓఎల్ఈడీ మెటీరియల్స్. మీరందరూ పల్లాడియం దగ్గరే ఆగిపోయారు, ఇప్పుడు ఈ థ్రెడ్ ఫోన్లో చదువుతున్నవాళ్ళలో చాలామంది చేతిలోనే సైక్లోమెటలేషన్ ఉంది తెలుసా. ఓఎల్ఈడీ స్క్రీన్‌లో ఆకుపచ్చ, ఎరుపు వెలుగు ఇచ్చేవి సైక్లోమెటలేటెడ్ ఇరిడియం కాంపౌండ్లు. నీలానికి మాత్రం ఆయుష్షు సమస్య, చాలాకాలం ఫ్లోరోసెంట్ వాటితోనే నెట్టుకొచ్చారు.

తయారీ చూడ్డానికి వంటలా ఉంటుంది. ఇరిడియం క్లోరైడ్ హైడ్రేట్, దానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ ఫినైల్ పిరిడిన్, ఎథాక్సీ ఇథనాల్ మూడు వంతులు నీళ్ళు ఒక వంతు, నైట్రోజన్ కింద ఒక రోజంతా రిఫ్లక్స్. నోనోయామా 1974లో చేసిన పద్ధతి, ఇప్పటికీ అందరం అదే. పొద్దున వచ్చి చూస్తే అడుగున పసుపు పొడి, అదే క్లోరైడ్ బ్రిడ్జ్‌లున్న డైమర్ (రెండు ఇరిడియంలని క్లోరైడ్లు కలిపి పట్టుకున్న జంట), ఒక్కో ఇరిడియం మీద రెండు ఫినైల్ పిరిడిన్లు సైక్లోమెటలేట్ అయి ఉంటాయి. దీంట్లో రెండు నైట్రోజన్లు ఎదురెదురుగా ట్రాన్స్‌లో ఉంటాయి, రెండు కార్బన్లు పక్కపక్కన. కార్బన్ యానయాన్ ట్రాన్స్ ఎఫెక్ట్ చాలా గట్టిది, రెండు గట్టివాళ్ళు ఎదురెదురుగా కూర్చోడానికి ఇష్టపడరు, పెళ్ళిలో ఇద్దరు వియ్యంకుల్లాగా. తర్వాత ఆ డైమర్‌ని ఎసిటైల్ అసిటోన్, సోడియం కార్బొనేట్‌తో విడగొట్టొచ్చు, లేదా మూడో ఫినైల్ పిరిడిన్ కూడా ఎక్కించొచ్చు. మూడోది ఎక్కించేటప్పుడే అసలు మజా, 140 డిగ్రీల దగ్గర చేస్తే మెరిడియనల్ ఐసోమర్ (మూడు నైట్రోజన్లలో రెండు ఎదురెదురుగా), గ్లిజరాల్‌లో 200 దాటిస్తే ఫేషియల్ (మూడూ ఒకే పక్కన). ఫేషియల్‌లో ప్రతి కార్బన్‌కీ ఎదురుగా నైట్రోజనే ఉంటుంది కాబట్టి అది స్టేబుల్, మెరిడియనల్‌ని తర్వాత వేడి చేసినా, వెలుగు కొట్టినా ఫేషియల్ వైపు జారుతుంది. వెలుగు బాగా ఇచ్చేదీ ఫేషియలే.

ఎందుకు వెలుగుతుంది అంటే, కరెంట్ పంపితే ఏర్పడే ఎక్సైటెడ్ స్టేట్స్‌లో స్టాటిస్టిక్స్ ప్రకారం 25 శాతం సింగ్లెట్లు (ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురు), 75 శాతం ట్రిప్లెట్లు (స్పిన్‌లు ఒకే వైపు). మామూలు ఆర్గానిక్ డై ఆ పాతికతోనే సరిపెట్టుకోవాలి, ముప్పావు భాగం వేడిగా పోతుంది. ఇరిడియం బరువైన ఆటమ్ కాబట్టి స్పిన్ ఆర్బిట్ కప్లింగ్ వల్ల ట్రిప్లెట్ కూడా మైక్రోసెకన్లలో వెలుగిచ్చి దిగిపోతుంది. 1999లో బాల్డో, థాంప్సన్, ఫారెస్ట్ వాళ్ళు ఈ ట్రిస్ ఫినైల్ పిరిడిన్ ఇరిడియంతో ఓఎల్ఈడీ చేసి చూపించారు. కానీ బరువు ఒక్కటే సరిపోదు, ఇక్కడే సైక్లోమెటలేషన్ విలువ తెలుస్తుంది: ఇరిడియం–కార్బన్ బాండ్ లైగాండ్ ఫీల్డ్‌ని బాగా పెంచి, వెలుగుని మింగేసే డీ–డీ స్టేట్స్‌ని పైకి తోసేస్తుంది.

నెట్ వాళ్ళకి ఒక చిన్న చిట్కా, డైమర్ ఎన్ఎంఆర్‌లో పిరిడిన్ నైట్రోజన్ పక్క హైడ్రోజన్ 9.25 దగ్గర, ఇరిడియం–కార్బన్ పక్కనున్న హైడ్రోజన్ ఏమో 5.9 దగ్గర వస్తుంది. ఆరోమాటిక్ హైడ్రోజన్ 5.9 ఏంటి అని మొదటిసారి నేను సాంపిల్ పాడైందనుకుని డైమర్‌లో సగం సింక్‌లో పోసినంత పని చేశాను, ఇరిడియం రేటు తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది నా గుండె ఎందుకు ఆగిందో. అది పక్క లైగాండ్ రింగు మొహం మీదకి వాలి ఉంటుంది, ఆ రింగ్ కరెంట్ నీడలో పడి అప్‌ఫీల్డ్‌కి పోతుంది, అంతే.

వరంగల్_ఎమ్మెస్సీ:

అబ్బ, అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగ ముల్లు తీసే ఉదాహరణ జన్మల మరువ. (అన్నా, తమ్ముణ్ణే.)

ఇగ మూడో డౌట్, నా ప్రాజెక్ట్. డైమిథైల్ బెంజైల్ అమీన్ బాటిల్ ల్యాబ్‌ల అయిపోయింది, ఇండెంట్ పెడితే నెల పడుతది అన్నరు, పక్కన మామూలు బెంజైల్ అమీన్ ఉంటే అదే తీసుకొని పల్లాడియం క్లోరైడ్‌తోని మిథనాల్‌ల రాత్రంతా కలిపిన, పల్లాడియం ఒకటికి అమీన్ రెండు. లేత పసుపు పొడి వచ్చింది, ఈల్డ్ గూడ మంచిగనే, 85 శాతం. మా సీనియర్ చూసి సైక్లోమెటలేట్ అయిన పల్లాడియం డైమర్ వచ్చేసింది రిపోర్ట్ రాస్కో అన్నడు. ఎన్ఎంఆర్ తీస్తే సీహెచ్2కి 2 అని పెడితే ఆరోమాటిక్ ల 5 వస్తుంది. సీనియరేమో సాల్వెంట్ పీక్ కలిసిందిలే అంటున్నడు. కలిసిందా?

పాత_బెంచి:

కలవలేదు తమ్ముడూ, 5 అంటే ఐదు హైడ్రోజన్లూ అక్కడే ఉన్నాయి, ఆర్థోది ఎక్కడికీ పోలేదు. నీకొచ్చింది పల్లాడియం క్లోరైడ్ మీద రెండు బెంజైల్ అమీన్లు ఊరికే నైట్రోజన్‌తో పట్టుకుని కూర్చున్న కాంప్లెక్స్. గుంజకి కట్టావు, గేదె మెయ్యలేదు. రంగు పసుపే, పొడే, ఈల్డ్ కూడా బాగుంటుంది, అందుకే మోసపోతారు. బాధపడకు, ఇదే సంగతి కోప్‌కి కూడా ఎదురైంది, ఆయన పోయిన రెండేళ్ళకి 1968లో ఫ్రీడ్రిక్‌తో కలిసి వచ్చిన పేపర్‌లో టెర్షియరీ అమీన్ (నైట్రోజన్ మీద హైడ్రోజన్ లేనిది) అయితే సైక్లోమెటలేట్ అయింది, ప్రైమరీ, సెకండరీ (నైట్రోజన్ మీద రెండు, ఒకటి హైడ్రోజన్లున్నవి) అయితే నీకొచ్చినట్టే ఉత్త కోఆర్డినేషన్ కాంపౌండ్ దగ్గర ఆగిపోయింది. దాంతో చాలాకాలం ప్రైమరీ అమీన్ అవ్వదు అనే నమ్మారు.

ఎందుకంటే ప్రైమరీ అమీన్ సన్నగా ఉంటుంది, రెండు వచ్చి హాయిగా పల్లాడియంని పట్టేసుకుని వదలవు, ఇక సి–హెచ్ వచ్చి వాలడానికి ఖాళీ చోటేది? డైమిథైల్ అయితే నైట్రోజన్ చుట్టూ గుంపు, రెండోది వదులుగా ఉండి జారిపోతుంది. పైగా నువ్వు వేసింది క్లోరైడ్, గణన_రసాయనం మేడమ్ చెప్పిన ముల్లు తీసే సూది నీ ఫ్లాస్క్‌లో లేనే లేదు.

మార్చాల్సింది రెండే. క్లోరైడ్ బదులు పల్లాడియం అసిటేట్, అమీన్ ఒకటికి ఒకటే, చుక్క కూడా ఎక్కువ వద్దు. కాస్త వేడి కావాలి, కానీ మరీ మరిగించి వదిలెయ్యకు, నల్ల పొడి కనపడిందంటే అది పల్లాడియం మెటల్, సెలైట్ మీద వడకట్టెయ్. అలా వచ్చింది అసిటేట్ బ్రిడ్జ్ డైమర్, దానికి లిథియం క్లోరైడ్ వేసి కలిపితే క్లోరైడ్ బ్రిడ్జ్‌కి మారుతుంది. ప్రైమరీ అమీన్లు కూడా ఈ దారిలో అవుతాయని తర్వాతి వాళ్ళు చేసి చూపించారు, నువ్వు కొత్తగా కష్టపడాల్సిన పని లేదు.

సీనియర్‌తో గొడవ పెట్టుకోకు, ఇంటిగ్రేషన్ చూపించు చాలు.

గణన_రసాయనం:

@వరంగల్ నీ చేతిలో ఉన్న ఆ పసుపు పొడిని పారెయ్యకు, రిపోర్ట్‌లో అది కూడా పెట్టు, క్లోరైడ్‌తో ఇది, అసిటేట్‌తో అది అని పక్కపక్కన చూపిస్తే నీ ప్రాజెక్ట్‌కి అదే మంచి పాయింట్. డేవిస్ వాళ్ళు ఇరిడియం సీపీ స్టార్ (ఐదు మిథైళ్ళున్న ఐదు కార్బన్ల రింగు) క్లోరైడ్ డైమర్‌తో డైమిథైల్ బెంజైల్ అమీన్ మీద ఇదే చూశారు, సోడియం అసిటేట్ వేస్తే రూమ్ టెంపరేచర్‌లో అయిపోయింది, వెయ్యకపోతే లేదు.

వరంగల్_ఎమ్మెస్సీ:

అక్కా మంచి ఐడియా. అసిటేట్‌తోని నిన్న పెట్టిన, 60 డిగ్రీలు, కొంచెం నల్లగైంది గానీ వడకట్టిన, లిథియం క్లోరైడ్ గూడ వేసిన. పొడి వచ్చింది గానీ క్లోరోఫామ్‌ల సరిగ కరుగుతలేదు, ఎన్ఎంఆర్ స్లాట్ గురువారం దొరికింది, అరకొర కరిగిన దానితోనే పోనా?

పచ్చ_వెలుగు:

వద్దు బ్రో, ఆ స్పెక్ట్రమ్ చూసి ఏడుస్తావు, క్లోరైడ్ డైమర్లలో సిస్, ట్రాన్స్ రెండూ కలిసి ఉండి పీక్‌లు కూడా వెడల్పుగా వస్తాయి. ట్యూబ్‌లో ఒకట్రెండు చుక్కలు డ్యూటరేటెడ్ పిరిడిన్ వేసి ఊపు. బ్రిడ్జ్‌లు తెగి పిరిడిన్ ఎక్కిన మోనోమర్ అవుతుంది, కళ్ళముందే క్లియర్‌గా కరిగిపోతుంది. అప్పుడు ఆరోమాటిక్‌లో 4 లెక్కపెట్టు, అందులో ఒకటి మిగతావాటిని వదిలి 6 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, పల్లాడియం–కార్బన్ పక్కది, ఈసారి దాని మీద నీడ పడేది పిరిడిన్ రింగుది. సాంపిల్ పాడైందని మాత్రం అనుకోకు.